టేపు హెడ్ తుడిచిన చరిత్ర: పోడు భూమి ఫోటో నుంచి తాతల గొంతు దాకా



మన గ్రూపులో పోడు పట్టాల ముచ్చట వచ్చిన ప్రతిసారీ ఒక మాట తప్పకుండా వస్తుంది: "శాటిలైట్ ఫోటోలో మీ సాగు కనిపించలేదు, అందుకే క్లెయిమ్ తిరస్కరించారు." ఆ ఫోటోలో ఏముంది, ఎంత స్పష్టంగా ఉంది అని మనం గట్టిగానే అడుగుతున్నాం. ఇంకో ప్రశ్న మాత్రం మనం పెద్దగా అడగలేదు. ఇరవై ఏళ్ళ కిందటి ఫోటో, నలభై ఏళ్ళ కిందటి ఫోటో ఇన్నాళ్ళూ ఎక్కడ ఉంది? దేనిలో దాచారు? దాచింది చెడిపోకుండా ఎలా ఉంది?

జవాబులో పెద్ద భాగం ఒక్క మాటలో ఉంది: మ్యాగ్నెటిక్ టేపు. మన ఇళ్ళల్లో పాటలు విన్న క్యాసెట్‌లో ఉండే రిబ్బన్ లాంటిదే. కంప్యూటర్ డేటాను దశాబ్దాలపాటు దాచింది అదే, ఇప్పటికీ దాచుతున్నది అదే. ఆ టేపును చదివే యంత్రాన్ని టేప్ డ్రైవ్ అంటారు. దాని హెడ్ మీద దుమ్ము పడితే చరిత్ర చదవడం ఆగిపోతుంది. ఆ దుమ్ము తుడిచే పని గురించి ఎవరూ పుస్తకాల్లో గొప్పగా రాయరు. అందుకే ఈ పోస్టు ఆ చిన్న పని చరిత్ర గురించి. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపికగా చదవండి.

అసలు దుమ్ముతో వచ్చే ఇబ్బంది ఏమిటి

1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఆయన కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసి, దాని మీద ధ్వనిని రికార్డు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1935లో ఏఈజీ కంపెనీ మ్యాగ్నెటోఫోన్ అనే టేప్ రికార్డర్‌ను బెర్లిన్ రేడియో ప్రదర్శనలో చూపించింది. సూత్రం ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఒక్కటే. పట్టీ మీద అయస్కాంత రేణువులు ఉంటాయి. హెడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం వాటిని అటో ఇటో తిప్పుతుంది. అదే రాయడం. తర్వాత పట్టీ మళ్ళీ హెడ్ ముందు నుంచి నడిస్తే ఆ రాత విద్యుత్ సిగ్నల్‌గా తిరిగి వస్తుంది. అదే చదవడం.

ఇక్కడ కీలకం ఏమిటంటే టేపు హెడ్‌కు అతుక్కున్నంత దగ్గరగా నడవాలి. 1951లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఆర్.ఎల్. వాలెస్ దీన్ని లెక్క కట్టి చూపించాడు. టేపు మీద రాసిన ఒక అల ఎంత పొడవు ఉంటుందో అంత ఎడం హెడ్‌కూ టేపుకూ మధ్య వస్తే సిగ్నల్ 55 డెసిబెల్స్ పడిపోతుంది. మామూలు భాషలో చెప్పాలంటే ఐదు వందల వంతుల్లో ఒక వంతు కూడా మిగలదు. పాత టేపుల మీద అల పొడుగ్గా ఉండేది కాబట్టి కొంచెం దుమ్మును తట్టుకునేవి. కొత్త టేపుల్లో ఎక్కువ డేటా ఇరికించేకొద్దీ అల చిన్నదైపోయింది. అంటే కంటికి కనిపించని రేణువు కూడా అడ్డుగోడ అయిపోతుంది. టేపు ఎంత గొప్పదైతే అంత శుభ్రం అడుగుతుంది అన్నమాట.

1951: ఇనుము అరగదీస్తే ఎట్లా?

కంప్యూటర్‌కు టేపు తగిలించి అమ్మిన తొలి యంత్రాల్లో పేరున్నది యూనివాక్. 1951లో దాన్ని మొదట తీసుకున్నది అమెరికా జనాభా లెక్కల శాఖ. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. జనం లెక్క, ఎవరు ఎక్కడున్నారు అనే లెక్క, రాజ్యం టేపు మీద పెట్టడం మొదలైంది అప్పుడే.

యూనివాక్ టేప్ డ్రైవ్ పేరు యూనిసర్వో. దాని టేపు ప్లాస్టిక్ కాదు, లోహం. ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీ మీద నికెల్ పూత. అర అంగుళం వెడల్పు, 1200 అడుగుల పొడవు. సెకనుకు 100 అంగుళాల వేగంతో లోహం హెడ్ మీద రాసుకుంటూ పోతే ఏమవుతుంది? హెడ్‌కు గాడి పడుతుంది. దానికి ఆ ఇంజనీర్లు చేసిన ఉపాయం బాగుంటుంది. హెడ్‌కూ లోహపు టేపుకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి పెట్టి, దాన్ని చాలా నెమ్మదిగా కదిలించారు. అరిగేది ఏదో ఆ ప్లాస్టిక్ అరుగుతుంది, ఎప్పటికప్పుడు కొత్త భాగం ముందుకొస్తుంది, హెడ్ మిగులుతుంది. యంత్రం పుట్టిన రోజే దాని మెయింటెనెన్స్ గురించి కూడా ఆలోచించారు.

1952 తర్వాత: షిఫ్టుకోసారి తుడవాల్సిందే

1952లో ఐబీఎం 726 అనే డ్రైవ్ వచ్చింది. టేపు ప్లాస్టిక్, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. పల్చటి ప్లాస్టిక్ టేపును ఒక్కసారిగా లాగి ఆపితే తెగిపోతుంది కదా. అందుకని రీళ్ళ కింద పొడవాటి గొట్టాల్లాంటి అరలు పెట్టి, గాలిని లోపలికి పీల్చి, టేపు అందులో వదులుగా మెలిక తిరిగి ఉండేట్టు చేశారు. పాత సినిమాల్లో కంప్యూటర్ అంటే చూపించే ఆ తిరిగే రీళ్ళు, కింద గాజు అరల్లో ఊగే టేపు ఇదే. 1964లో సిస్టమ్ 360 కంప్యూటర్‌తో పాటు తొమ్మిది ట్రాకుల టేపు వచ్చింది. అంగుళానికి 800 అక్షరాలు, తర్వాత 1600, 1973 నాటికి 6250. చాలా ఏళ్ళు ప్రపంచమంతా దీని మీదే నడిచింది.

లోహపు టేపుతో హెడ్ అరిగేది. ఆక్సైడ్ టేపుతో ఆ తంటా తగ్గి ఇంకొకటి మొదలైంది: పూత రాలడం. టేపు నడిచినకొద్దీ గోధుమ రంగు పొడి కొంచెం కొంచెం రాలి హెడ్‌కూ, గైడ్లకూ, రోలర్లకూ అంటుకుంటుంది. దానికి తోడు గాలిలో దుమ్ము, చేతి జిడ్డు, సిగరెట్ పొగ. అందుకే కంప్యూటర్ గదిలో ఆపరేటర్‌కు ఒక పని రాసిపెట్టి ఉండేది. చాలా చోట్ల షిఫ్టుకోసారి టేపు నడిచే దారి మొత్తం తుడవాలి.

ఆ పనికి ఒక వరస ఉంది. ముందు టేపు తీసెయ్యాలి. పోగులు రాలని గుడ్డ గానీ ప్రత్యేకమైన పుల్ల గానీ తీసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తయారీదారు చెప్పిన ద్రవంతో గానీ తడపాలి. కారేటట్టు కాదు, తడి తగిలేటట్టు. హెడ్‌ను తుడిచిన గుడ్డతోనే మళ్ళీ తుడవకూడదు, కొత్త వైపు తిప్పాలి. గైడ్లు, టేపు మీద పొడిని గీకే చిన్న బ్లేడు, గాజు అరల లోపలి వైపు, అన్నీ అయ్యాక ఆరనివ్వాలి. ఆరకముందు టేపు ఎక్కిస్తే ఆ తడికి పూత ఊడి హెడ్‌కే అంటుకుంటుంది. గోరు గానీ లోహం గానీ హెడ్‌కు తగలకూడదు. ఒక్క గీత పడినా ఆ తర్వాత నడిచే ప్రతి టేపు మీదా గీత పడుతుంది.

టేపు వెనక ఒక ప్లాస్టిక్ రింగు కూడా ఉండేది. రింగు ఉంటేనే కొత్తగా రాయడం కుదురుతుంది, తీసేస్తే చదవడమే. పాత రికార్డు మీద పొరపాటున ఎవరూ రాయకుండా ఆ చిన్న రింగే కాపలా.

క్యాసెట్లు, కార్ట్రిడ్జ్‌లు, నారింజ లైటు

1984లో ఐబీఎం 3480 వచ్చి రీలు బదులు చేతిలో పట్టే కార్ట్రిడ్జ్‌ను తెచ్చింది, దాని సామర్థ్యం 200 మెగాబైట్లు. 1987లో ఎక్సాబైట్ కంపెనీ వీడియో కెమెరా టేపు పద్ధతిని కంప్యూటర్‌కు వాడింది. 1989లో సోనీ, హెచ్‌పీ కలిసి డీడీఎస్ అనే చిన్న టేపు తెచ్చాయి. బ్యాంకులు, కాలేజీలు, చిన్న ఆఫీసుల సర్వర్ రూముల్లో బ్యాకప్ అంటే చాలాకాలం ఈ చిన్న టేపే.

ఎక్సాబైట్, డీడీఎస్ డ్రైవ్‌లలో హెడ్ ఒక తిరిగే డ్రమ్ము మీద ఉంటుంది. చేయి పెట్టి తుడిచే వీలు లేదు, తుడిస్తే విరుగుతుంది. అందుకని క్లీనింగ్ క్యాసెట్ వచ్చింది. వీసీఆర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు గుర్తుంటుంది, బొమ్మ మసకేస్తే హెడ్ క్లీనర్ క్యాసెట్ పెట్టేవాళ్ళు. ఇదీ అంతే. లోపల డేటా ఉండదు, కొంచెం గరుకైన రిబ్బన్ ఉంటుంది, కొన్ని సెకన్లు నడిచి బయటకు వచ్చేస్తుంది. పాత డీడీఎస్ డ్రైవ్‌లకు 25 గంటల వాడకానికోసారి క్లీనింగ్ చెయ్యమనేవాళ్ళు. ఆ రిబ్బన్‌ను వెనక్కి చుట్టి మళ్ళీ వాడకూడదు, మురికి మళ్ళీ హెడ్‌కే పూసినట్టవుతుంది. అన్ని సార్లూ అయిపోయాక పారెయ్యాలి. చాలా ఆఫీసుల్లో తప్పు జరిగేది ఇక్కడే. డ్రైవ్ మీద నారింజ లైటు వెలుగుతూనే ఉంటుంది, అరిగిన క్లీనింగ్ క్యాసెట్టే పెడుతూ ఉంటారు, బ్యాకప్ జరిగిందనే అనుకుంటారు. అవసరం పడ్డ రోజు టేపు చదవదు.

2000లో హెచ్‌పీ, ఐబీఎం, సీగేట్ కలిసి ఎల్‌టీఓ అనే టేపు తెచ్చాయి. మొదటి తరంలో 100 గిగాబైట్లు. 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టెరాబైట్లు. ఈ డ్రైవ్ లోపలే హెడ్‌ను తుడిచే చిన్న బ్రష్షు ఉంటుంది. అది చాలనప్పుడు డ్రైవే అడుగుతుంది, చిన్న డిస్‌ప్లే మీద 'సి' అనే ఇంగ్లీషు అక్షరం పడుతుంది. అప్పుడు క్లీనింగ్ కార్ట్రిడ్జ్ పెట్టాలి. సాధారణంగా అది 50 సార్లు పనిచేస్తుంది. ఎన్నిసార్లు వాడారో లోపలి చిప్పు లెక్కపెట్టుకుంటుంది.

ఇక్కడ సలహా తిరగబడింది, గమనించండి. పాత డ్రైవ్‌లకు లెక్కపెట్టుకుని తుడవమన్నారు. ఎల్‌టీఓకి మాత్రం అడిగినప్పుడే తుడవండి అంటారు. గరుకు రిబ్బన్ ఊరికే నడిపితే హెడ్ అరుగుతుంది. అతిగా తుడిచినా నష్టమే. అందుకని అసలు జాగ్రత్త గదిలో ఉంటుంది: దుమ్ము రానివ్వకపోవడం, ప్రింటర్ పక్కన, కిటికీ పక్కన డ్రైవ్ పెట్టకపోవడం, ఎక్కువకాలం దాచే టేపులను 16 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉంచడం, బయటి నుంచి తెచ్చిన టేపును గది వేడికి అలవాటు పడ్డాకే పెట్టడం.

ఇంత రభస ఎందుకు, ఇప్పుడంతా క్లౌడే కదా అనేవాళ్ళకు ఒక ఉదాహరణ. 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్‌లో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొంతమంది ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. గూగుల్ వాటిని వెనక్కి తెచ్చింది టేపుల నుంచే. వేరుగా, కరెంటు లేకుండా షెల్ఫులో కూర్చున్న టేపును ఆ లోపం ముట్టుకోలేకపోయింది.

చంద్రుడి టేపులు చెప్పే పాఠం

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో నాసా రెండు సార్లు చూపించింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు వచ్చిన అసలు సిగ్నల్ టేపుల కోసం వెతికి వెతికి, 2009లో తేల్చింది ఏమిటంటే, టేపుల కొరత వచ్చినప్పుడు వాటిని చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని. అంత గొప్ప సంఘటన తొలి రాతే దక్కలేదు.

రెండోది దక్కిన కథ. 1966, 67లో లూనార్ ఆర్బిటర్ నౌకలు తీసిన చంద్రుడి ఫోటోలు సుమారు 1500 టేపుల్లో ఉన్నాయి. నాసాలో పనిచేసిన నాన్సీ ఎవాన్స్ అనే ఆమె వాటిని పారెయ్యనివ్వలేదు. టేపులు ఉంటే సరిపోదు, చదివే యంత్రం కావాలి. ఆ యాంపెక్స్ ఎఫ్ఆర్-900 డ్రైవ్‌లను ఆమె ఏళ్ళ తరబడి తన గరాజులో దాచింది. 2008లో డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ బృందం వాటిని తీసుకొచ్చి కాలిఫోర్నియాలో మూతపడ్డ ఒక మెక్‌డొనాల్డ్స్ భవనంలో పెట్టి, మురికి వదిలించి, హెడ్లు బాగుచేయించి నడిపించింది. ఆ ఏడు నవంబర్‌లోనే చంద్రుడి దగ్గర నుంచి భూమిని చూసిన ఫోటో మునుపెన్నడూ లేనంత స్పష్టంగా బయటకు వచ్చింది. టేపు ఒకరు, యంత్రం ఒకరు, తుడిచే చెయ్యి ఒకరు, ముగ్గురూ ఉంటేనే చరిత్ర.

ఇప్పుడు మన భూమి దగ్గరికి

1972లో అమెరికా ల్యాండ్‌శాట్-1 ఉపగ్రహాన్ని పంపింది. 1979 నుంచి ల్యాండ్‌శాట్ డేటాను మన దగ్గరే, హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో అందుకోవడం మొదలైంది. అందుకున్న డేటాను హై డెన్సిటీ టేపుల మీద రికార్డు చేసేవాళ్ళు. వాడుకునేవాళ్ళకు ఇచ్చేది కూడా కంప్యూటర్ టేపు మీదే. 1988లో మన ఐఆర్ఎస్-1ఏ, 2003లో రిసోర్స్‌శాట్-1, 2005 మే నెలలో కార్టోశాట్-1 వెళ్ళాయి.

అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం ఎస్టీలకు కీలకమైన తేదీ 2005 డిసెంబర్ 13. అంతకుముందు నుంచే భూమి మన సాగులో ఉండాలి. అందుకే ఆ కాలపు ఫోటోలకు అంత విలువ. పాత ల్యాండ్‌శాట్ కెమెరాకు ఒక్కో చుక్క సుమారు 80 మీటర్లు, అంటే ఎకరంన్నర పైగా. ఎకరం పోడు అందులో ఎట్లా కనబడుతుంది? రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరాకు చుక్క 23.5 మీటర్లు, అంటే ఐదున్నర గుంటలు, సెంట్ల లెక్కలో పదమూడున్నర. లిస్-4 కెమెరాకు 5.8 మీటర్లు, కార్టోశాట్‌కు 2.5 మీటర్లు. ఏ కెమెరా ఫోటో చూసి "కనిపించలేదు" అన్నారో అడగాల్సింది అందుకే. ఒక ఏడు కొట్టి మరో ఏడు బీడు వదిలిన పోడు పైనుంచి పొదలాగే అనిపించవచ్చు. టేపు చదివేటప్పుడు హెడ్ వదిలేసిన డేటా ఫోటోలో ఖాళీ గీతలుగా మిగలవచ్చు. ఫోటో దేవుడి కన్ను కాదు. అది ఒక రికార్డు, దానికి చుక్క సైజు ఉంది, తేదీ ఉంది, దాచిన తీరు ఉంది.

ఈ సంగతి చట్టానికీ తెలుసు. 2012లో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెప్పాయి: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఫోటో ఒక్కటే చూపి తిరస్కరిస్తే ఈ నిబంధనను ఎదురుగా పెట్టాలి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీం కోర్టు తిరస్కరించిన క్లెయిముల వాళ్ళను ఖాళీ చేయించమంటూనే, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాను ఉపగ్రహ సర్వే చెయ్యమని కూడా చెప్పింది. ఖాళీ చేయించే ఉత్తర్వును అదే నెల 28న నిలిపేసింది. అంటే మన ఇంటి గడప మీద వేలాడుతున్న ప్రశ్నలో పాత డేటాకు పాత్ర ఉంది. ఆ డేటా చదవగలిగే స్థితిలో ఉండటం మనకు కూడా అవసరమే. అది మనకు ఎదురు సాక్ష్యం కావచ్చు, మన పక్షాన సాక్ష్యం కూడా కావచ్చు.

ఇంకో మాట. ఆ నిబంధనల్లోనే సాక్ష్యాల జాబితాలో పెద్దల వాంగ్మూలం ఉంది, క్లెయిమ్ వేసినవాళ్ళు కాని ఊరి పెద్దలు చెప్పింది కాగితం మీద రాస్తే చెల్లుతుంది. ఉపగ్రహానికి టేపు ఎట్లాగో ఊరికి పెద్దల జ్ఞాపకం అట్లా.

గొంతుల టేపులు

ఆస్ట్రేలియాలో ఆదివాసుల భాషలు, పాటలు, కథలు వేల టేపుల మీద ఉన్నాయి. 1964లో పెట్టిన సంస్థ, ఇప్పుడు ఐయాట్సిస్ అంటారు, కాన్‌బెర్రాలో వాటిని దాచుతోంది. అక్కడి జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లో హెచ్చరించింది: 2025 లోపు డిజిటల్ చెయ్యని టేపులు చాలావరకు పోయినట్టే. 2019లో యునెస్కో కూడా ప్రపంచమంతటికీ ఇదే హెచ్చరిక చేసింది. కారణం టేపు కుళ్ళడం ఒక్కటే కాదు. చదివే యంత్రాలు తయారు కావడం ఆగిపోయింది, వాటిని తుడిచి, బాగుచేసి నడపడం వచ్చినవాళ్ళు ముసలివాళ్ళు అయిపోయారు.

1970లు, 80ల నాటి కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమను పీల్చి జిడ్డుగా మారుతుంది. ఆడిస్తే కీచుమంటుంది, హెడ్‌కు అంటుకుంటుంది. అలాంటివాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి, ఆరాక ఒక్కసారి ఆడించి కాపీ తీసుకుంటారు. అది నిపుణుల పని, ఇంట్లో చెయ్యొద్దు.

మన గూడేల్లో, తండాల్లో కూడా క్యాసెట్లు ఉన్నాయి. పెళ్ళి పాటలు, పటేల్ మాట్లాడిన మాటలు, గుస్సాడీ డప్పులు, ధింసా పాటలు, అమ్మమ్మ చెప్పిన కథలు. ట్రంకు పెట్టెలో, అటక మీద ఉన్నాయి. వాటికి మనం చెయ్యగలిగింది ఇది:

1. దొరికిందే టేప్ రికార్డర్‌లో పెట్టి ఆడించకండి. మురికి హెడ్, గట్టిపడ్డ రబ్బరు రోలర్ టేపును నమిలేస్తాయి.
2. ముందు హెడ్‌ను, పక్కనున్న సన్నటి ఇనుప కడ్డీని 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాటన్ బడ్ తడిపి తుడవండి. గోధుమ రంగు రావడం ఆగేదాకా కొత్త బడ్ మారుస్తూ ఉండండి. రబ్బరు రోలర్‌కు కొంచెమే వాడండి. పూర్తిగా ఆరనివ్వండి.
3. మొదట పనికిరాని క్యాసెట్ ఆడించి చూడండి. సరిగ్గా నడిస్తేనే అసలుది పెట్టండి.
4. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచెయ్యండి, పైన రికార్డు పడదు.
5. టేపు మీద తెల్ల బూజు ఉంటే అసలు ఆడించకండి, వేరుగా కవర్లో పెట్టండి.
6. కాపీ తీశాక మూడు చోట్ల ఉంచండి. రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఊరు బయట. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు అని వెంటనే రాయండి. అది లేని ఫైలు రేపు ఎవరికీ అర్థం కాదు.
7. ఆ ఇంటివాళ్ళను అడక్కుండా గ్రూపుల్లో పెట్టకండి. కొన్ని పాటలు పూజలో పాడేవే.

గ్రామసభ తీర్మానాలు, క్లెయిమ్ ఫారాలు, రసీదులు కూడా ఇదే లెక్క. ఒక్క కాపీ ఆఫీసులో ఇచ్చి నమ్ముకుని కూర్చోవడం అంటే ఒక్క టేపు రాసి డ్రైవ్ తుడవకుండా వదిలేయడమే. ఏడాదికోసారి తీసి, తెరిచి, చదవగలుగుతున్నామా లేదా చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనలేం.

మన తాతల కాలం నుంచి మన గురించి రాసింది, దాచింది ఎక్కువగా బయటివాళ్ళే. జనాభా లెక్క వాళ్ళది, అడవి మ్యాపు వాళ్ళది, ఫోటో వాళ్ళది. రాయడం మనం నేర్చుకుంటున్నాం. దాచడం కూడా నేర్చుకోవాలి. అందులో గొప్ప టెక్నాలజీ కంటే ముందు ఉన్నది ఒక దూది పుల్ల, కొంచెం ఓపిక, మరిచిపోని అలవాటు.

మీ ఊళ్ళో ఎవరి దగ్గర పాత క్యాసెట్లు ఉన్నాయో, నడిచే టేప్ రికార్డర్ ఎక్కడుందో కామెంట్లో రాయండి. మండలాలవారీగా జాబితా చేద్దాం.

జోహార్.